గుండె లయ తప్పినప్పుడు ముందుగా చూడవలసింది పక్షవాతం ముప్పును

సంపాదకులు గారికి,

నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో గుండె లయ తప్పే జబ్బు గురించి, అంటే వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని, క్లుప్తంగా ఏఎఫ్ అని పిలిచే జబ్బు గురించి వచ్చిన వ్యాసం చదివాను. మన జిల్లాల పాఠకులకు పెద్దగా పరిచయం లేని జబ్బును ఎత్తుకున్నందుకు మీకు కృతజ్ఞుణ్ని. అయితే ఆ వ్యాసంలో సగానికి పైగా కాథెటర్ అబ్లేషన్ గురించే, అంటే సిర గుండా సన్నని గొట్టాలను గుండెకు పంపి, దడ పుట్టించే చోట కండరాన్ని మచ్చగా మార్చే చికిత్స గురించే ఉంది. ఒకసారి ఆ చికిత్స చేయించుకుంటే జబ్బు వేళ్లతో సహా పోతుందని, ఆ తర్వాత మందులతో పని ఉండదని అర్థం వచ్చే వాక్యాలు రెండున్నాయి. ఈ లేఖ ముఖ్యంగా ఆ రెండు వాక్యాల గురించే. నేను స్వయంగా అబ్లేషన్ చేయించుకొని మేలు పొందిన రోగిని. ఆ చికిత్సను తక్కువ చేయాలన్న ఉద్దేశం నాకు లేదు. కాని ఆ వాక్యాలను నమ్మి ఎవరైనా రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రను ఆపేస్తే జరిగే నష్టం ఎలాంటిదో మా ఇంట్లోనే చూసినవాణ్ని కనుక రాయకుండా ఉండలేకపోయాను.

మా అన్నయ్య పరకాల దగ్గరి ఒక ఊళ్లో పత్తి, మిర్చి పండించే రైతు, నాకన్నా ఆరేళ్లు పెద్ద. 2019 వానాకాలంలో ఫోనులో మాట్లాడినప్పుడు రెండు మూడుసార్లు, "తమ్మీ, గుండెల పిట్ట కొట్టుకున్నట్టు అయితాంది" అన్నాడు. ఊళ్లోని ఆర్‌ఎంపీ గ్యాస్ అని చెప్పి మాత్రలిచ్చాడు. పత్తి ఏరే రోజులు దగ్గరపడ్డాయి, నిద్ర చాలక అలా అవుతోందేమోనని నేనూ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను. అన్నయ్యకు అప్పటికే బీపీ ఉంది, మాత్రలు వాడుతున్నాడు, నెలనెలా బీపీ చూపించుకుంటున్నాడు. అన్నిసార్లు ఆయన చేతికి పట్టీ చుట్టినవారిలో ఒక్కరూ ఆ మణికట్టు మీద వేళ్లు పెట్టి ఒక్క నిమిషం నాడి చూడలేదు. 2020 జనవరిలో ఒక తెల్లవారుజామున మూతి వంకరపోయి, కుడి చేయి, కుడి కాలు పడిపోయి, మాట పోయింది. బండి మాట్లాడుకొని, ముందు ఒకచోటికి, అక్కడి నుంచి వరంగల్‌కు తీసుకువచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి; ఆ గడువు అప్పటికే దాటిపోయింది. ఆ రోజు తీసిన ఈసీజీలో ఏఎఫ్ బయటపడింది. డెబ్బై ఏళ్ల మనిషికి జీవితంలో తీసిన మొదటి ఈసీజీ అదే.

ఈ జబ్బులో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పడానికి అనుమతించండి. గుండెలో పై గదులు రెండు, వాటిని కర్ణికలంటాం. కింది గదులు రెండు, అవి జఠరికలు. కుడి కర్ణిక పైభాగంలో ఉండే సైనస్ నోడు నుంచి విద్యుత్ సంకేతం బయలుదేరి, విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు గుండెను కొట్టిస్తుంది. బతుకమ్మ ఆటలో ఒకరు పాట ఎత్తుకుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ ఒకే తాళానికి చప్పట్లు కొడుతూ ఒంగి లేస్తుంటారు కదా, ఆరోగ్యంగా ఉన్న కర్ణిక అలా పనిచేస్తుంది. ఎవరికి తోచిన తాళం వాళ్లు కొట్టడం మొదలుపెడితే చప్పుడు ఉంటుంది కాని ఆట సాగదు. ఏఎఫ్‌లో కర్ణికల కండరం అదే స్థితికి వస్తుంది; నిమిషానికి 350 నుంచి 600 వరకు అస్తవ్యస్తమైన సంకేతాలు పుట్టి, కర్ణిక ముడుచుకోవడం మాని వణుకుతుంది. పై గదులకు, కింది గదులకు మధ్య సంకేతాలను దాటించే ఏవీ (AV) నోడు వాటిలో చాలా వాటిని ఆపుతుంది కనుక ప్రాణం నిలుస్తుంది, కాని కిందికి వచ్చేవి ఒక వరుసలో రావు. అందుకే నాడి వేగంగానే కాక, ఏ పద్ధతీ లేకుండా తడబడుతుంది.

కర్ణిక ముడుచుకోనప్పుడు రక్తం అక్కడ నిలిచిపోతుంది. ఎడమ కర్ణికకు చెవి తమ్మె లాంటి చిన్న సంచి ఒకటి అతికి ఉంటుంది. వాల్వు జబ్బు లేని ఏఎఫ్ రోగుల్లో గడ్డలు ఏర్పడేది పదింట తొమ్మిదిసార్లు ఆ సంచిలోనే. అక్కడ పుట్టిన గడ్డ కదిలితే రక్తంతో పాటు నేరుగా మెదడుకు పోవచ్చు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాల పాటు సాగిన అధ్యయనంలో, ఏఎఫ్ ఉన్నవారికి పక్షవాతం ముప్పు లేనివారితో పోలిస్తే దాదాపు ఐదు రెట్లని, చిన్ననాటి గొంతునొప్పి, కీళ్లవాతం తర్వాత వచ్చే రుమాటిక్ వాల్వు జబ్బు కూడా తోడైతే దాదాపు పదిహేడు రెట్లని తేలింది. ఈ గడ్డల వల్ల వచ్చే పక్షవాతం తరచుగా మెదడులో పెద్ద భాగాన్నే దెబ్బతీస్తుంది. దడ, ఆయాసం, నీరసం మనిషిని ఇబ్బంది పెడతాయి, నిజమే. కాని జీవితాన్ని తలకిందులు చేసేది ఈ గడ్డ. కొందరికి దడ కూడా తెలియదు. ఏ ఇబ్బందీ లేకుండానే ఏళ్ల తరబడి ఏఎఫ్‌తో తిరుగుతుంటారు.

కాబట్టి ఏఎఫ్ అని తేలిన రోజున అడగవలసిన మొదటి ప్రశ్న "అబ్లేషన్ ఎప్పుడు" అన్నది కాదు. "నాకు పక్షవాతం ముప్పు ఎంత" అన్నది. దాన్ని అంచనా వేయడానికి వైద్యులు మార్కులు వేస్తారు. గుండె బలహీనపడి ఉంటే 1, బీపీకి 1, షుగర్‌కు 1, రక్తనాళాల జబ్బుకు అంటే గతంలో గుండెపోటు వంటివాటికి 1, వయసు 65 నుంచి 74 మధ్య ఉంటే 1, 75 దాటితే 2, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే 2. మొదట్లో స్త్రీలకు అదనంగా ఒక మార్కు వేసేవారు; 2024 ఐరోపా మార్గదర్శకాల్లో దాన్ని తీసేశారు. ఆ మార్గదర్శకాల ప్రకారం మొత్తం 2 గాని, అంతకు మించి గాని ఉంటే రక్తం గడ్డకట్టకుండా చేసే మందు వాడాలి. 1 ఉంటే దాని గురించి ఆలోచించాలి. మా అన్నయ్యకు బీపీ ఉంది, వయసు డెబ్బై. పక్షవాతం రాకముందే రెండు మార్కులు ఉన్నాయి. ఎవరైనా నాడి చూసి ఈసీజీ తీయించి ఉంటే, ఆయనకు మందు అప్పుడే మొదలయ్యేది.

ఈ మందులను అందరూ రక్తం పలచబడే మందులంటారు. ఆ పేరు వల్లనే మన ఊళ్లలో వాటిపై ఒక భయం ఉంది. రక్తం నీళ్లయిపోతుందని, మనిషి నీరసపడతాడని, పొలం పని చేసుకోలేడని అనుకొని నెలకే ఆపేసినవారు నాకు తెలుసు. నిజానికి ఈ మందులు రక్తాన్ని పలచన చేయవు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాల పనిని నెమ్మదింపజేస్తాయి, అంతే. పాతకాలపు మందు వార్ఫరిన్, దాని కోవకు చెందిన ఎసినోకుమరాల్. వీటి మోతాదు సరిపోతోందో లేదో ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్షతో చూస్తూ, ఆ అంకెను 2 నుంచి 3 మధ్య నిలపాలి. వార్ఫరిన్‌ను సక్రమంగా వాడితే పక్షవాతం ముప్పు మూడింట రెండు వంతుల మేర తగ్గుతుంది. కొత్త మందులు డబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్, ఎడోక్సబాన్. వీటికి ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కర్లేదు, మూత్రపిండాల పనితీరును మాత్రం అప్పుడప్పుడు చూసుకోవాలి. పద్దెనిమిది వేల మందికి పైగా రోగులతో 2011లో వెలువడిన అధ్యయనంలో అపిక్సబాన్ వాడినవారికి వార్ఫరిన్ వాడినవారికన్నా పక్షవాతమూ తక్కువే, పెద్ద రక్తస్రావాలూ తక్కువే. ఈ మందుల్లో కొన్నింటికి ఇప్పుడు మన దేశంలో జనరిక్‌లు వచ్చి ధర తగ్గింది. ఆస్పిరిన్ వీటికి బదులు కాదు. ఏఎఫ్ రోగులకు ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చి పంపడం ఇప్పటికీ కనిపిస్తోంది కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

వాడే పద్ధతిలో తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానేయనక్కర్లేదు. తోటకూర, పాలకూర, గోంగూర వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు, ఒక వారం అసలు తినకుండా మరో వారం రోజూ తింటేనే ఐఎన్‌ఆర్ అటూ ఇటూ అవుతుంది. రివరోక్సబాన్‌ను అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, డబిగాట్రాన్ గొట్టం మాత్రను (క్యాప్సూల్) విప్పి పొడిని మింగకూడదు. అన్నింటికన్నా ముఖ్యమైనది ఒళ్లు నొప్పుల మాత్రలు, ఇంజెక్షన్ల సంగతి. నాట్లు, పత్తి ఏరడం, మిర్చి కోత కాలంలో మన దగ్గర డైక్లోఫెనాక్ లాంటివి అలవాటుగా వాడతారు. గడ్డకట్టకుండా చేసే మందుతో కలిస్తే అవి కడుపులో రక్తస్రావం తెచ్చిపెడతాయి. ఊళ్లో ఎవరి దగ్గర చూపించుకున్నా ముందు "నేను ఈ మందు వాడుతున్నాను" అని చెప్పాలి. మా అన్నయ్య మందుల చీటీని మా వదిన ప్లాస్టిక్ కవరులో పెట్టి తలుపు వెనుక తగిలించింది. ఇంటికి ఎవరు వైద్యానికి వచ్చినా ముందు అదే చూపిస్తుంది.

మీ వ్యాసం అసలు తాకని విషయం రుమాటిక్ గుండె జబ్బు. పాశ్చాత్య దేశాల్లో ఏఎఫ్ ముఖ్యంగా వయసు మళ్లినవారి జబ్బు. మన దేశంలో అలా కాదు. భారతీయ హార్ట్ రిథమ్ సొసైటీ పదిహేను వందల మందికి పైగా రోగుల వివరాలు సేకరించినప్పుడు వారి సగటు వయసు 55కు కొంచెం తక్కువగా ఉంది, దాదాపు సగం మందికి రుమాటిక్ వాల్వు జబ్బు ఉంది. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై, కీళ్లవాతంగా కనిపించి, ఏళ్లు గడిచాక ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు మధ్య ఉండే మైట్రల్ వాల్వును ఇరుకు చేసే జబ్బు అది. ముప్పై, నలభై ఏళ్ల స్త్రీలు, కొన్నిసార్లు కాన్పు సమయంలో, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చినప్పుడు ఈ వాల్వు ఇరుకు, దానితో పాటు ఏఎఫ్ బయటపడుతుంటాయి. వీరికి ముందుగా కావలసింది వాల్వుకు చికిత్స, అంటే బెలూన్‌తో వెడల్పు చేయడమో, శస్త్రచికిత్సో. వాల్వు బాగా ఇరుకైనవారు మార్కుల లెక్కతో సంబంధం లేకుండా గడ్డకట్టకుండా చేసే మందు వాడవలసిందే, అది కూడా పాత వార్ఫరిన్ తరహా మందే. 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో, రుమాటిక్ జబ్బుతో ఏఎఫ్ ఉన్న సుమారు నాలుగున్నర వేల మందిలో, రివరోక్సబాన్ తీసుకున్నవారికన్నా వార్ఫరిన్ తరహా మందు తీసుకున్నవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయి. ఖరీదైనది, కొత్తది అయితే మంచిదని అనుకునేవారికి, తెలియక మందు మార్చేవారికి ఈ సంగతి తప్పకుండా తెలియాలి.

ఇక దడ తగ్గించే దారులు. ఒకటి, లయను అలాగే ఉండనిచ్చి వేగాన్ని మాత్రం అదుపులో పెట్టడం. మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ అందుకు వాడే మందులు. చాలామందికి విశ్రాంతిలో నిమిషానికి 110కి లోపు ఉంటే చాలునని 2010లో ఒక డచ్ అధ్యయనం చూపింది. రెండోది, లయను తిరిగి క్రమంలోకి తేవడం. అందుకు అమియోడరోన్, ఫ్లెకైనైడ్ లాంటి మందులున్నాయి, స్వల్పమైన మత్తులో ఛాతీ మీద విద్యుత్ షాక్ ఇచ్చే పద్ధతి ఉంది. దడ మొదలై 24 గంటలు (అమెరికా మార్గదర్శకాల ప్రకారం 48 గంటలు) దాటి ఉంటే గాని, ఎప్పుడు మొదలైందో తెలియకపోతే గాని, షాక్‌కు ముందు సాధారణంగా మూడు వారాలు, తర్వాత కనీసం నాలుగు వారాలు గడ్డకట్టకుండా చేసే మందు తప్పనిసరి. అమియోడరోన్ బాగా పనిచేస్తుంది కాని థైరాయిడ్, కాలేయం, ఊపిరితిత్తుల మీద దాని ప్రభావం ఉంటుంది. దాన్ని మొదలుపెట్టిన ఆసుపత్రికి మళ్లీ వెళ్లకుండా, పాత చీటీ మీదే మందుల షాపులో ఏళ్ల తరబడి కొనుక్కునేవారిని చూస్తున్నాను. ఆరు నెలలకోసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలని వారికి ఎవరూ చెప్పలేదు.

అబ్లేషన్ కథ 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో మలుపు తిరిగింది. మిషెల్ హైసగేర్ బృందం 45 మంది రోగులను పరిశీలించి, దడను రేపే నిప్పురవ్వల్లాంటి సంకేతాల్లో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు వచ్చే సిరల లోపలే పుడుతున్నాయని కనుగొంది. ఆ సిరల మొదళ్ల చుట్టూ కండరాన్ని మచ్చగా మార్చి, అక్కడి సంకేతాలు కర్ణికలోకి రాకుండా కంచె వేయడమే నేటి అబ్లేషన్‌కు ప్రాణం. తొడ మూలంలోని సిర గుండా సన్నని గొట్టాలను గుండెకు పంపి, రెండు కర్ణికల మధ్య గోడలో సూదితో చిన్న దారి చేసుకొని ఎడమ వైపుకు వెళ్తారు. రేడియో తరంగాల వేడితో చుక్క పక్కన చుక్క పెడుతూ కాల్చడం ఒక పద్ధతి, బెలూన్‌తో గడ్డకట్టే చలి పుట్టించడం మరొకటి. ఈ మధ్య వచ్చినది పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతి. అతి స్వల్పకాలపు విద్యుత్ పోట్లతో గుండె కండర కణాలనే దెబ్బతీస్తుంది, వెనుకనున్న ఆహారనాళానికి దాని వల్ల హాని తక్కువ. 2023 చివర్లో అమెరికాలో దానికి అనుమతులు రావడం మొదలైంది.

నాకు 2022లో హైదరాబాదులో రేడియో తరంగాల పద్ధతిలో చేశారు. అప్పటికి నాకు ఏఎఫ్ వచ్చి పోతూ ఉండే దశలో ఉంది, మందులు వాడినా నెలకు నాలుగైదుసార్లు గంటల తరబడి దడ వచ్చి, మెట్లెక్కలేని పరిస్థితి. ముందురోజు గొంతు గుండా ఎకో చేసి ఎడమ కర్ణిక సంచిలో గడ్డ లేదని నిర్ధారించుకున్నారు. మూడున్నర గంటలు పట్టింది, మూడో రోజు కాజీపేట రైలెక్కి ఇంటికి వచ్చాను. రెండో నెలలో ఒక రాత్రి మళ్లీ దడ వచ్చినప్పుడు డబ్బంతా వృథా అయిందని కుంగిపోయాను. మొదటి మూడు నెలల్లో, మచ్చలు మానే కాలంలో, అలా రావడం మామూలేనని, దాన్ని వైఫల్యంగా లెక్కించరని తర్వాత తెలిసింది. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి అంత ఆందోళన పడేవాణ్ని కాదు. ఆ తర్వాత దడ రాలేదు. ఇప్పుడు రోజూ వడ్డేపల్లి చెరువు కట్ట మీద నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నాను. ఇది నాకు అబ్లేషన్ చేసిన మేలు, దాన్ని ఎక్కడా దాచను.

అయితే అందరికీ ఒకే ఫలితం ఉండదు. వచ్చి పోయే దశలో చేస్తే మొదటిసారికే వందలో సుమారు డెబ్బై మందికి ఏడాది పాటు దడ రాకుండా ఉంటుంది. ఏఎఫ్ వారానికి మించి ఆగకుండా ఉండే దశలో, కర్ణిక బాగా సాగిపోయాక, ఆ సంఖ్య తగ్గుతుంది. చాలామందికి రెండోసారి చేయవలసి వస్తుంది. గుండె చుట్టూ రక్తం చేరడం లాంటి ప్రమాదం వందలో ఒకరికి దాపుగా ఉంటుంది. వీటన్నింటికన్నా అరుదైనదే అయినా ప్రాణాంతకమైనది ఒకటుంది, దాని గురించి మన ప్రాంతంలో తప్పకుండా చెప్పాలి. ఎడమ కర్ణిక వెనుక గోడకు, ఆహారనాళానికి మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. వేడి అక్కడికి తగిలితే, ఇంటికి వచ్చిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత రెండింటి మధ్య రంధ్రం పడవచ్చు. జ్వరం, ఛాతీలో నొప్పి, మింగితే నొప్పి, లేదా పక్షవాతం లాంటి లక్షణాలు వస్తాయి. అప్పటికి రోగి ఊళ్లో ఉంటాడు. జ్వరమే కదా అని సెలైన్ పెట్టించుకుంటాడు, లేదా గొంతునొప్పికి ఎండోస్కోపీ చేయించుకుంటాడు. ఈ పరిస్థితిలో ఎండోస్కోపీ ప్రాణం తీయవచ్చు; చేయవలసింది ఛాతీ సీటీ స్కాన్. కనుక అబ్లేషన్ అయిన రెండు నెలల్లో జ్వరం వస్తే చేసిన ఆసుపత్రికే మొదటి ఫోను చేయాలి, ఎవరికి చూపించుకున్నా అబ్లేషన్ సంగతి ముందు చెప్పాలి.

ఎవరికి అబ్లేషన్ నిజంగా అవసరమన్న దానిపై వాస్తవాలు స్పష్టంగానే ఉన్నాయి. 2019లో వెలువడిన కబానా అధ్యయనంలో 2,204 మందిని రెండు వర్గాలుగా చేసి చూసినప్పుడు, మరణం, పక్షవాతం, పెద్ద రక్తస్రావం, గుండె ఆగిపోవడం కలిపి చూస్తే అబ్లేషన్‌కు, మందులకు చెప్పుకోదగిన తేడా రాలేదు. అబ్లేషన్ చేయించుకున్నవారిలో మాత్రం దడ తిరగబెట్టడం తగ్గింది, బతుకు హాయిగా మారింది. గుండె బాగా బలహీనపడిన 363 మందితో 2018లో వచ్చిన కాజిల్ ఏఎఫ్ అధ్యయనం వేరే సంగతి చెప్పింది: మరణించినవారు లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరినవారు మందుల వర్గంలో 44.6 శాతం, అబ్లేషన్ వర్గంలో 28.5 శాతం. గుండె పంపింగ్ తగ్గినవారిలో ఈ చికిత్స ఆయుష్షును కాపాడగలదన్నమాట. జబ్బు తేలిన ఏడాది లోపే లయను సరిచేయడం మొదలుపెడితే మేలని 2020లో 2,789 మందితో జరిగిన మరో అధ్యయనం చూపింది, కాని అలా ముందుగానే లయను సరిచేసిన వర్గంలో మొదట అబ్లేషన్‌తో ప్రారంభించినవారు పదిమందిలో ఒకరికన్నా తక్కువ. మిగతావారికి మందులే. ఆ అధ్యయనంలో రెండు వర్గాలవారిలోనూ పదింట తొమ్మిది మంది గడ్డకట్టకుండా చేసే మందు వాడుతూనే ఉన్నారు.

మందు ఆపే విషయానికి ఇప్పుడు వస్తాను. నన్ను ఇంటికి పంపే రోజు ఆసుపత్రిలో బిల్లు, సలహాలు చూసే ఉద్యోగి ఒకరు, "ఇక మీకు ఏఎఫ్ లేదు సార్, మూడు నెలల తర్వాత మాత్రలన్నీ మానేయవచ్చు" అన్నారు. ఆనందంగా విన్నాను, మానేద్దామనే అనుకున్నాను. అన్నయ్య పక్కన కూర్చొని ఆయన మాత్రల డబ్బా సర్దుతున్న రోజున అనుమానం వచ్చి, నాకు చికిత్స చేసిన వైద్యునికి ఫోను చేశాను. అబ్లేషన్ తర్వాత కనీసం రెండు మూడు నెలలు అందరూ వాడాలని, ఆ తర్వాత ఆపాలా వద్దా అన్నది దడ ఉందా లేదా అన్న దాన్ని బట్టి కాదని, మొదట చెప్పిన మార్కులను బట్టి నిర్ణయిస్తారని ఆయన ఓపికగా వివరించారు. నాకు బీపీకి ఒకటి, వయసుకు ఒకటి. కనుక వాడుతున్నాను. అబ్లేషన్ తర్వాత దడ మనకు తెలియకుండా వచ్చి పోయే అవకాశం కూడా ఉంది. గుండె ప్రశాంతంగా ఉందన్న మన అనుభూతి ఒక్కటే దానికి సాక్ష్యం కాజాలదు. మీ వ్యాసంలోని ఆ రెండు వాక్యాలను సవరించాలని కోరడానికి కారణం ఇదే.

మిగిలిన పద్ధతులను క్లుప్తంగా చెబుతాను. వాల్వు ఆపరేషన్ లాంటిది ఎలాగూ చేస్తున్నప్పుడు కర్ణికలో గీతలు కోసి సంకేతాల దారులు మూసే మేజ్ శస్త్రచికిత్స ఉంది, 1987లో అమెరికాలో జేమ్స్ కాక్స్ మొదలుపెట్టారు. ఏ మందుకూ వేగం లొంగనప్పుడు పేస్‌మేకర్ అమర్చి ఏవీ నోడును కాల్చివేసే పద్ధతి ఉంది. రక్తస్రావం వల్ల మందు అసలు వాడలేనివారికి ఎడమ కర్ణిక సంచిని ఒక మూతతో మూసేయవచ్చు. ఇవేవీ అక్కర్లేని, ఖర్చు లేని చికిత్స ఒకటుంది. బరువు ఎక్కువున్నవారు పదో వంతు తగ్గి దాన్ని నిలుపుకుంటే దడ బాగా తగ్గుతుందని ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వైద్యులు 2015లో చూపారు. తాగుడు మానితే దడ తిరగబెట్టడం తగ్గుతుందని 2020లో అదే దేశంలో తేలింది. గట్టిగా గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగేవారు దానికి చికిత్స తీసుకోవాలి. పెళ్లిళ్లలో, జాతరల్లో తాగిన మర్నాడు దడతో ఆసుపత్రికి వచ్చేవారు మన దగ్గర తక్కువేమీ కాదు.

మన ప్రాంతం సంగతి చెప్పి ముగిస్తాను. బీపీ, షుగర్ ఉన్నవారిని ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ వెళ్లి గుర్తిస్తున్నారు. ఆ పనితో పాటే అరవై ఐదు దాటిన ప్రతివారి నాడిని ఒక్క నిమిషం చూసి, తడబడుతుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ తీయించే ఏర్పాటు చేయాలని వైద్యారోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఐఎన్‌ఆర్ పరీక్ష ఫలితం అదే రోజు చేతికి రాకపోతే ఉపయోగం తక్కువ. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే రుమాటిక్ రోగి ఒక అంకె కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకోకుండా ఏరియా ఆసుపత్రుల్లోనే అది జరగాలి, వార్ఫరిన్ మాత్రలు అక్కడే నెలనెలా తప్పకుండా దొరకాలి. నూట యాభై కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పోయి అబ్లేషన్ చేయించుకోవడం నాలాంటి పింఛనుదారుకే కష్టమైంది. వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన జరిగిన పెద్దాసుపత్రిలో గుండె లయ జబ్బులకు ప్రత్యేక విభాగం, దానికి తగిన ఎలక్ట్రోఫిజియాలజీ వైద్యులు, చికిత్స తర్వాత జ్వరం వచ్చినా దడ వచ్చినా రాత్రింబవళ్లు పలికే ఫోను నంబరు ఉండాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. అబ్లేషన్ ఏ రోగులకు, ఏ ఆసుపత్రుల్లో అందుతుందో తెలుగులో బోర్డు మీద రాసి పెడితే రోగి బంధువులు కౌంటరు కౌంటరుకూ తిరిగే పని తప్పుతుంది.

మీకు కూడా ఒక విన్నపం. వచ్చే ఆరోగ్య పేజీలో నాడి చూసుకునే పద్ధతిని బొమ్మతో అచ్చువేయండి: అరచేయి పైకి పెట్టి, బొటనవేలి మొదలుకు కిందుగా మణికట్టు మీద రెండో చేతి మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నిండా అరవై సెకన్లు లెక్కపెట్టాలి, అంకె ఎంత వచ్చిందన్నది ఒకటి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమంగా ఉందా లేదా అన్నది మరొకటి, ఈ రెండోదే ముఖ్యం. ఇళ్లలో వాడే బీపీ యంత్రాలు ఏఎఫ్‌లో తప్పు అంకెలు చూపవచ్చు కనుక మూడుసార్లు చూడమని కూడా రాయండి. మా అన్నయ్య ఇప్పుడు కర్ర ఊతంతో వాకిట్లోకి వస్తాడు, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఊళ్లో ఎవరైనా గుండె దడ అంటే వారి చేయి తన ఎడమ చేత్తో పట్టుకొని నాడి చూస్తాడు. తడబడుతున్నట్టు అనిపిస్తే నాకు ఫోను చేయమని వదినకు సైగ చేస్తాడు. అలా ఈ ఏడాది ఇద్దరిని ఈసీజీకి తీసుకువచ్చాం. ఒకరికి ఏఎఫ్ ఉంది, మందు మొదలైంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ